ఆ అయిదుగురిలో లేనివాళ్లు

ఎయిడ్స్ చరిత్ర ఎక్కడ మొదలైందని ఫోన్‌లో వెతికితే ఒక తేదీ వస్తుంది: 1981 జూన్ 5. ఆ రోజు అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ తన వారపత్రికలో చిన్న రిపోర్టు వేసింది. లాస్ ఏంజెలిస్‌లో అయిదుగురు గే యువకులకు అరుదైన న్యుమోనియా వచ్చింది, వాళ్లలో ఇద్దరు అప్పటికే చనిపోయారు. రిపోర్టులో రాయలేదు గానీ, అయిదుగురూ తెల్లవాళ్లే.

దాంతో ఇది తెల్ల గేల జబ్బు అని జనం మనసులో పడిపోయింది. నల్లజాతి వాళ్లలోనూ చాలామంది "మనకేం కాదులే" అనుకున్నారు. అయిదేళ్లు తిరిగేసరికి, 1986 అక్టోబరులో అదే సీడీసీ లెక్క చెప్పింది. అప్పటిదాకా వచ్చిన 24,576 కేసుల్లో నల్లవాళ్లు 25 శాతం. దేశ జనాభాలో వాళ్లు 12 శాతమే.

ఇక నల్లజాతి గే కుర్రాడి పరిస్థితి ఊహించండి. చాలా చర్చిల్లో పాపం అంటారు. గే సంస్థలకు వెళ్తే అక్కడ పోస్టర్ మీద మొహం కూడా తనలాంటిది కాదు. వెళ్లేదెక్కడికి?

ఇక్కడ నాకు బాగా నచ్చిన మనిషి వస్తాడు. కార్ల్ బీన్. గాస్పెల్ సింగర్. 1977లో మోటౌన్ కంపెనీకి గే గర్వం మీద ఒక డిస్కో పాట పాడాడు, క్లబ్బుల్లో మోగిపోయింది. తర్వాత పాటలు పక్కనపెట్టి పాస్టర్ అయ్యాడు. 1985లో లాస్ ఏంజెలిస్‌లో మైనారిటీ ఎయిడ్స్ ప్రాజెక్ట్ పెట్టాడు. నల్లజాతి, లాటినో వాళ్ల కోసం, వాళ్లే నడిపిన తొలి ఎయిడ్స్ సంస్థల్లో ఇదొకటి. పాపం అన్న మాట వినీ వినీ అలసిపోయినవాళ్లకి, ఒక పాస్టరే "రా, కూర్చో" అంటే ఎలా ఉంటుంది! పాంప్లెట్ చెయ్యలేని పని అది.

1990ల్లో ఇదే ఆలోచనని పరిశోధకులు ఒక పద్ధతిగా మార్చారు. సుసాన్ కెగెలెస్, రాబర్ట్ హేస్ అనేవాళ్లు ఒరెగాన్‌లోని యూజీన్ అనే ఊళ్లో ఎంపవర్‌మెంట్ ప్రాజెక్ట్ నడిపారు. కుర్రాళ్లకి ఒక చోటు ఇచ్చి, నడిపే పని కూడా వాళ్లకే అప్పజెప్పారు. పార్టీలు, సినిమాలు, పిక్నిక్‌లు, మధ్యలో కండోమ్ మాట. డాక్టర్ లెక్చర్ ఉండదు, ఫ్రెండే ఫ్రెండ్‌కి చెప్తాడు. రిస్క్ ఉన్న సెక్స్ నిజంగానే తగ్గింది. కాకపోతే యూజీన్ దాదాపు తెల్లవాళ్ల ఊరు. తర్వాత డాలస్‌లో, మనవాళ్లు బోలెడంతమంది ఉన్న ఆ డాలస్‌లోనే, నల్లజాతి యువకులు దాన్ని తమకు తగ్గట్టు మార్చుకుని యునైటెడ్ బ్లాక్ ఎల్యుమెంట్ అని పేరు పెట్టుకున్నారు.

మరి వాళ్లలోనే ఎందుకింత ఎక్కువ? "జాగ్రత్త లేక" అని చాలామంది తేల్చేశారు. నేనూ ఒకప్పుడు అదే అనుకున్నా, సిగ్గుపడుతూనే చెప్తున్నా. 2006లో గ్రెగ్ మిల్లెట్ బృందం అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ ముందేసుకుని చూసింది. భాగస్వాముల సంఖ్యలో గానీ కండోమ్ వాడకంలో గానీ నల్లజాతి గే పురుషులు తెల్లవాళ్ల కన్నా ఎక్కువ రిస్క్ తీసుకోవట్లేదు. తేడా వేరేచోట ఉంది. తమకి వైరస్ ఉందని తెలియనివాళ్లు ఎక్కువ, చికిత్స ఆలస్యం. పైగా పరిచయాల వలయం చిన్నది. అందులో ఒకరికి తెలియకుండా వైరస్ ఉంటే, ఎంత జాగ్రత్తపడినా పక్కవాడికి ముప్పే.

2016లో సీడీసీ చెప్పింది వింటే గుండె ఆగుతుంది. పరిస్థితి ఇలాగే సాగితే నల్లజాతి గే, బైసెక్సువల్ పురుషుల్లో ప్రతి ఇద్దరిలో ఒకరికి జీవితకాలంలో హెచ్ఐవీ వస్తుందట. తెల్లవాళ్లలో అయితే 11 మందిలో ఒకరికి.

అప్పటికి మందు లేదా అంటే, ఉంది! హెచ్ఐవీ రాకుండా ముందే వేసుకునే ప్రెప్ మాత్రకి 2012లోనే అనుమతి వచ్చింది. కానీ సీడీసీ 2022 అంచనా చూడండి: అవసరమైన తెల్లవాళ్లలో 94 శాతానికి ప్రెప్ రాశారు, నల్లవాళ్లలో 13 శాతానికి. మాత్ర ఒకటే, చేరే దారే వేరు.

కార్ల్ బీన్ 2021లో చనిపోయాడు.

ఎలాగూ కామెంట్లలో అడుగుతారు కాబట్టి చెప్పేస్తున్నా: మన దగ్గర ప్రభుత్వ ఐసీటీసీ కేంద్రాల్లో హెచ్ఐవీ టెస్ట్ ఉచితం, వివరాలు గోప్యంగా ఉంచుతారు. డౌట్ ఉంటే 1097కి ఫోన్ చెయ్యండి, అది టోల్ ఫ్రీ.