మూడు కౌంటర్ల కథ

దూలపల్లి అంటే ముందు గుర్తొచ్చేది అడవి. ఫారెస్ట్ అకాడమీ, అటవీ జీవవైవిధ్య సంస్థ ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. కానీ కొంపల్లి దాటి ఆ దారి పట్టే బస్సుల నిండా ఇంజినీరింగ్ విద్యార్థులే. దూలపల్లి, మైసమ్మగూడ కాలేజీల్లో ఎలక్ట్రానిక్స్ చదివేవాళ్లకు మైక్రోప్రాసెసర్ పాఠాల్లో 8253 అనే టైమర్ చిప్ తగులుతుంది. రికార్డు రాసి, సంతకం పెట్టించుకుని, మర్చిపోయే పాఠం అది. చిప్ మాత్రం మర్చిపోదగ్గది కాదు. కంప్యూటర్‌కు కాలం చెప్పే వృత్తి చరిత్రలో సగం దాని చుట్టూనే తిరిగింది.

కంప్యూటర్ల కన్నా ముందు కాలం చెప్పే వృత్తి మనిషిది. అడుగున సన్నని చిల్లున్న రాగిగిన్నెను నీళ్ల మీద వదిలితే 24 నిమిషాలకు మునిగేది. అది ఒక గడియ. పక్కన కాపలా ఉన్నవాడు గంట కొట్టి, గిన్నె ఖాళీ చేసి, మళ్లీ నీళ్ల మీద పెట్టాలి. ఈనాటి మాటల్లో గిన్నె టైమర్, గంట ఇంటరప్ట్, ఆ మనిషి డ్రైవర్. అతను లేవడం ఆలస్యమైతే ఆ ఆలస్యం ఆ పూటతో పోదు, గడియ గడియకీ పేరుకుంటుంది. 1889లో చార్మినార్‌కు నాలుగు వైపులా గడియారాలు పెట్టారు. 1897లో సికింద్రాబాద్ క్లాక్ టవర్ మొదలైంది. గిన్నె పోయి పళ్లచక్రాలు వచ్చాయి. సరిచూసే మనిషి అవసరం మాత్రం పోలేదు.

ఇంటెల్ వారి 8253లో ఉన్నవి మూడు కౌంటర్లు, ఒక్కోటి 16 బిట్లది. 1981లో ఐబీఎం తన పీసీలో దీన్నే పెట్టింది. అందులో అది సెకనుకు సుమారు 11,93,182 సార్లు లెక్కించేది. ఇంత వంకర అంకె ఎందుకంటే, అమెరికా రంగుల టీవీ సంకేతానికి సరిపడే క్రిస్టల్‌తోనే పనులన్నీ నడిపించి నాలుగు డబ్బులు మిగుల్చుకోవాలనుకున్నారు. ఆ క్రిస్టల్ వేగాన్ని 12తో భాగిస్తే వచ్చిన అంకె అది. 16 బిట్ల కౌంటర్ 65,536 దాకా లెక్కిస్తుంది గనుక ఇంటరప్ట్ సెకనుకు 18.2 సార్లు వచ్చేది. ఆ పీసీల ఆపరేటింగ్ సిస్టమైన డాస్ గడియారం ఆ చిల్లర లెక్క మీదే నడిచింది.

1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్ అదే కుటుంబపు చిప్‌ను సెకనుకు దాదాపు వందసార్లు మోగేలా మార్చుకుంది. తర్వాత పీసీల్లో అది వెయ్యి అయింది, 2005లో 250కి దిగింది. 2006లో థామస్ గ్లెయిక్స్‌నర్, ఇంగో మోల్నార్‌ల హై-రిజల్యూషన్ టైమర్లు లినక్స్ మూలభాగమైన కెర్నెల్‌లోకి వచ్చాయి. మరుసటి ఏడాది, పనిలేనప్పుడు గంట మోగించకుండా పడుకునే వీలూ వచ్చింది.

ఇంతలో ఫోన్ల కాలం వచ్చింది. చిప్ తయారుచేసే ప్రతి కంపెనీ తన సొంత టైమర్ పెట్టుకుంది, ప్రతి టైమర్‌కూ ఒక డ్రైవర్ కావాల్సి వచ్చింది. హైదరాబాదులో పెద్ద అభివృద్ధి కేంద్రం నడిపిన జైలింక్స్ (2022లో ఏఎండీలో కలిసిపోయింది) సంగతే చూడండి. ఆ కంపెనీ 2011లో ప్రకటించిన జింక్-7000 చిప్‌లో కేడెన్స్ వారి టైమర్ ఉంది. అందులోనూ మూడు కౌంటర్లే, ఒక్కోటీ 16 బిట్లదే! తర్వాతి తరం చిప్‌లో అవి 32 బిట్లయ్యాయి. అప్పుడు డ్రైవర్‌కు ఒక కొత్త వివరం అందించారు: కౌంటర్ వెడల్పు ఎంతో బోర్డు వర్ణనలో రాసుకోవచ్చు, రాయకపోతే 16 అనే అనుకుంటుంది. పాత బోర్డు ఒక్కటీ చెడకూడదన్న పట్టుదల ఆ చివరి ముక్కలో ఉంది.

కొత్త టైమర్ డ్రైవర్ పరిశీలనకు వస్తే ఆ కోడ్ బాధ్యత చూసే మెయింటెయినర్ అడిగే ప్రశ్నలు చాదస్తంగానే ఉంటాయి. 32 బిట్ల యంత్రం 64 బిట్ల కౌంటర్‌ను రెండు ముక్కలుగా చదువుతుంటే, మధ్యలో కింది ముక్క తిరిగి సున్నాకు వస్తే ఏం చేస్తావు? పై ముక్క, కింది ముక్క, మళ్లీ పై ముక్క చదివి పోల్చావా? మరీ దగ్గరి క్షణానికి అలారం పెడితే, పెట్టేలోపే ఆ క్షణం దాటిపోదా? ప్రాసెసర్ గాఢనిద్రలోకి పోతే ఈ టైమర్ కూడా ఆగుతుందా? కెర్నెల్ భాగహారం మానుకుని, గుణించి బిట్లు జరిపి నానోసెకన్లు తీస్తుంది కదా, ఆ గుణకంలో పొరపాటు ఎంత?

చివరి ప్రశ్న చాదస్తం కాదనడానికి రుజువు 1991 ఫిబ్రవరి 25న సౌదీలోని దహ్రాన్‌లో దొరికింది. అక్కడి పేట్రియాట్ క్షిపణి వ్యవస్థ సెకనులో పదోవంతును యూనిట్‌గా కాలాన్ని లెక్కపెట్టేది. పదోవంతు అనే అంకె బైనరీలో ఎప్పటికీ పూర్తికాదు, 24 బిట్ల దగ్గర తెగిపోతుంది. ఆ తెగిన ముక్క వంద గంటల్లో పేరుకుని 0.34 సెకనైంది. స్కడ్ క్షిపణి వేగానికి అది అర కిలోమీటరుకు పైమాటే. దూసుకొచ్చిన స్కడ్‌ను పేట్రియాట్ అడ్డుకోలేకపోయింది, 28 మంది అమెరికన్ సైనికులు చనిపోయారు. సరిచేసిన సాఫ్ట్‌వేర్ దహ్రాన్‌కు చేరింది మర్నాడు.

విండోస్ 95 ఆగకుండా 49.7 రోజులు నడిస్తే బిగుసుకుపోయేది. మిల్లీసెకన్లు లెక్కించే 32 బిట్ల కౌంటర్ అప్పటికి నిండిపోతుంది మరి. అన్ని రోజులు ఆపకుండా నడిపినవాళ్లు ఎంతమందిలే అన్నది వేరే మాట! లినక్స్ వాళ్లు ఇలాంటి దానికి గడుసు ఉపాయం చేశారు. కౌంటర్‌ను సున్నా దగ్గర కాక, నిండడానికి 5 నిమిషాల ముందు అంకె దగ్గర మొదలుపెట్టారు. తప్పు రాసిన డ్రైవర్ నెలన్నర తర్వాత కస్టమర్ దగ్గర కాకుండా, అయిదు నిమిషాల్లో రాసినవాడి బల్ల మీదే దొరికిపోతుంది. ఈ వృత్తి కనిపెట్టిన పరీక్షలన్నింటిలో ఖర్చు లేనిదీ, మేలైనదీ ఇదే.

ముందున్న గడువు ఒకటుంది. 1970 నుంచి సెకన్లను 32 బిట్లలో లెక్కిస్తున్న యంత్రాలకు 2038 జనవరి 19, మంగళవారం, మన టైములో ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్ల వరకే చోటుంది. రాహుకాలం కూడా కాదు. ఆ తర్వాతి సెకనులో అవి 1901 డిసెంబరుకు వెళ్లిపోతాయి. 32 బిట్ల యంత్రాలు ఈ తేదీ దాటే ఏర్పాటు 2020లో వచ్చిన లినక్స్ 5.6తో సిద్ధమైంది. అంతకన్నా పాత కెర్నెల్‌తో బిగించి వదిలేసిన పరికరాలకు ఆ ఏర్పాటు దానంతటది రాదు, ఎవరో ఒకరు వెళ్లి మార్చాల్సిందే.