కోడిపెట్టకు వైద్యం ఎవరు చేశారు?



గుర్రానికి వైద్యశాస్త్రం ఉంది. అది శాలిహోత్రుడు చెప్పాడంటారు. ఏనుగుకూ ఉంది. పాలకాప్యుడి పేరుమీద హస్త్యాయుర్వేదమని పెద్ద గ్రంథమే ఉంది. ఆవుకూ ఎద్దుకూ జబ్బు చేస్తే చూడడానికి వెనకటి ఊళ్లలో నాటువైద్యులుండేవారు. మరి మన పెరట్లో గింజ ఏరుకు తినే కోడిపెట్టను కుక్క కరిస్తేనో, ముంగిస మెడ పట్టుకుంటేనో దానికి వైద్యం ఎవరు చేశారు? ఏ గ్రంథం చూసి చేశారు? ఈవేళ నేను మీతో చెప్పదలచుకున్నది ఆ సంగతే. కోడికి కూడా చరిత్రేమిటమ్మా అని నవ్వకండి. రాజులకు తాళపత్రాలూ రాగిరేకులూ ఉన్నాయి. పెరటికి అవి లేవు కాబట్టి కాస్త వెతుక్కోవాలి, అంతే.

శాసనంతోనే మొదలుపెడదాం. కర్నూలు జిల్లాలో గుత్తికి దగ్గరగా ఎర్రగుడి అనే ఊరుంది. అక్కడి బండల మీద అశోక చక్రవర్తి చెక్కించిన ధర్మశాసనాలున్నాయి. అక్షరాలు బ్రాహ్మీలిపి, భాష ప్రాకృతం. క్రీస్తుకు పూర్వం 3వ శతాబ్దం నాటి మాట. వాటిలో రెండవ శాసనం ఏం చెబుతుందంటే, మనుషులకూ పశువులకూ రెండు విధాల వైద్యం ఏర్పాటు చేయించాననీ, మూలికలు లేనిచోట వాటిని తెప్పించి నాటించాననీ చెబుతుంది. మన తెలుగునేల మీద పశువైద్యం గురించి రాతిమీదికెక్కిన ఇంత పాతమాట మరొకటి నాకు తెలిసినంతలో లేదు. అశోకుడే ఉత్తరదేశపు స్తంభాల మీద మరో శాసనం వేయించాడు. అందులో ఏయే జీవాలను చంపకూడదో వరసగా చెప్పి, కోడిపుంజుల విత్తులు తీయకూడదని కూడా రాయించాడు. చూశారా, పుంజుకు ఒక వాక్యం దక్కింది. పెట్ట మాట మాత్రం అక్కడ లేదు.

ఈ పద్ధతి ఆ తర్వాత కూడా మారలేదు. పన్నెండో శతాబ్దంలో పల్నాట్లో జరిగిన కోడిపోరు మీకందరికీ తెలిసిందే. బ్రహ్మనాయుడి పుంజు పేరు చిట్టిమల్లు, నాగమ్మ పుంజు పేరు సివంగిడేగ అని కథ చెప్పేవాళ్లు ఈనాటికీ చెబుతున్నారు. ఎనిమిది వందల ఏళ్లయినా ఆ రెండు కోళ్ల పేర్లూ చెరిగిపోలేదు! పందెంలో ఓడి మాచర్లవారు ఏడేళ్లు వలస పోయారు. అంతటి పందెంలో ఒక పుంజును దింపింది ఆడది కావడం విశేషమే అయినా, నాగమ్మ మంత్రిణి కనుక ఆమెను మన పెరటి లెక్కలో వేయలేం. పందెగాళ్లు కుక్కుటశాస్త్రమని ఒక శాస్త్రమే కట్టారు. రంగునుబట్టి డేగ, కాకి, నెమలి, సేతువ, మైల అని జాతులు పెట్టి, ఏ రోజున ఏ దిక్కుగా ఏది గెలుస్తుందో లెక్కలు రాశారు. గాయపడ్డ పుంజుకు బరి పక్కనే సూదీదారంతో కుట్లువేసే నేర్పరులు ఉండేవారు. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం, 1974 నాటి జూద చట్టం వచ్చిన తర్వాత కూడా సంక్రాంతి మూడురోజులూ ఆ బరులు నడుస్తూనే ఉన్నాయి, అది వేరే సంగతి. నేను అనేదేమిటంటే, పుంజుకు మగవాళ్లు శాస్త్రం రాసుకున్నారు. గుడ్డుపెట్టి పిల్లల్ని లేపే పెట్టకు ఎవరూ రాయలేదు. దాన్ని చూసుకున్నది ఆడవాళ్లు, వాళ్లకు రాసే తీరికా లేదు, చాలామందికి రాతా రాదు.

అసలు కోడి మన ఇంటికి ఎందుకొచ్చింది? 2022లో కొందరు పరిశోధకులు పాత ఎముకలన్నీ మళ్లీ పరీక్షించి ఒక మాట చెప్పారు. థాయిలాండులో బాన్ నాన్ వాట్ అనే చోట, సుమారు మూడువేల అయిదువందల ఏళ్లనాడు, కోడి మొట్టమొదట ఇంటిపక్షి అయిందట. మనిషి వరీ చిరుధాన్యాలూ పండించడం మొదలుపెట్టాక, రాలిన గింజల కోసం అడవికోడి ఊరిదాకా వచ్చిందని వారి అభిప్రాయం. నాకిది చాలా సబబుగా తోచింది. మనం కోడిని పట్టి తెచ్చుకోలేదు, అదే గింజకోసం వచ్చింది. అయితే ఒక్కతే రాలేదండీ, దాని వెనకే దాని శత్రువులూ వచ్చాయి. పగలు గద్ద, ముంగిస. రాత్రి అడవిపిల్లి, పునుగుపిల్లి, నక్క. వేళాపాళా లేకుండా కుక్క. ఉన్నట్టుండి ఎవరైనా మాయమైతే గద్ద తన్నుకుపోయిందా అంటాం. ఆ మాట పుట్టింది పెరట్లోనే.

ముంగిసను మనం పాముల్ని చంపుతుందని మెచ్చుకుంటాం. 1872లో జమైకా దీవిలో ఒక దొర చెరకుతోటల్లో ఎలకల్ని చంపించాలని కలకత్తా నుంచి తొమ్మిది ముంగిసల్ని తెప్పించి వదిలాడు. కొన్నాళ్లకు అవి ఎలకలతో ఆగక ఆ దీవిలోని కోళ్లమీదా గుడ్లమీదా పడ్డాయి. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి చట్టం ముంగిసకు రక్షణ ఇచ్చింది, కాబట్టి దాన్ని చంపకూడదు. గూడు గట్టిగా కట్టుకోవడం మన వంతు.

ఇక వైద్యం మాట. పుస్తకాల్లో లేదన్నాను కనుక నేను కళ్లతో చూసింది చెబుతాను. మా అత్తగారి పెట్టను ఒక మధ్యాహ్నం గడ్డివాము పక్కన ముంగిస పట్టింది. మేం కేకలేసేసరికి వదిలి పారిపోయింది. వీపుమీద తోలు నాలుగువేళ్ల మేర చీలి వేలాడుతోంది, మెడదగ్గర పళ్లగాట్లు ఉన్నాయి. నేను పసుపు డబ్బా పట్టుకుని పరిగెత్తాను. ఆవిడ, "పసుపు తర్వాతే అమ్మాయ్, ముందు దాన్ని చీకట్లో పెట్టు" అన్నారు. నెత్తురు కారేచోట శుభ్రమైన గుడ్డతో అదిమిపట్టి, అది ఆగగానే గంప బోర్లించి, పైన గోనెపట్టా కప్పి, గంటసేపు ఎవరినీ దగ్గరకు పోనివ్వలేదు. తర్వాత తెలిసిందేమిటంటే, పక్షులు గాయంకన్నా ముందు భయంతో చచ్చిపోతాయట. చీకటి పడితే వాటికి గుండెదడ తగ్గుతుంది. కోడి ఒంటివేడి మనకన్నా ఎక్కువ, 41 డిగ్రీల పైమాట. దెబ్బతిన్నప్పుడు అది చల్లబడకుండా కింద వరిగడ్డి వేయాలి.

గంట తర్వాత గాయం చుట్టూ ఈకలు కత్తిరించారు. మరగకాచి చల్లార్చిన ఉప్పునీళ్లతో కడిగారు. వేలాడే తోలును కోసెయ్యకుండా మళ్లీ గాయంమీదికే సర్దారు. అప్పుడు పసుపు. వేపనూనె గాయంలో పొయ్యలేదు, చుట్టూ రాశారు. ఎందుకంటే ఈగ వాలి గుడ్డుపెడితే ఒకటి రెండు రోజుల్లో పురుగు పడుతుంది, కోడిని చంపేది చాలాసార్లు ఆ పురుగే. కొందరు నెత్తురు ఆగాలని బూడిదో, పొయ్యిమట్టో, కాఫీపొడో గాయంలో కూరతారు. అది పెద్దల అలవాటే అయినా మంచి అలవాటు కాదని నేను గట్టిగా చెబుతాను. మట్టితో చీము తప్ప మరేమీ రాదు.

మరో రెండు సంగతులు ఆవిడ చేతిని చూసి నేర్చుకున్నాను. నీళ్లు నోట్లో పొయ్యకూడదు. కోడికి గాలిగొట్టం రంధ్రం నాలుక వెనకే ఉంటుంది, నీళ్లు అందులోకి పోతే ఊపిరాడదు. ముక్కు పక్కన ఒక్కో చుక్కా అంటిస్తే అదే చప్పరిస్తుంది. ఆవిడ కాస్త బెల్లం, చిటికెడు ఉప్పు కలిపిన నీళ్లు అలా పట్టారు. రెండోది, రెక్క విరిగితే ఒంటికి చేర్చి కట్టాలి గాని రొమ్ము చుట్టూ బిగించకూడదు. మనకు ఊపిరితిత్తుల కింద ఉండే పొర పక్షికి లేదు, రొమ్ముటెముక కదిలితేనే దానికి శ్వాస ఆడుతుంది.

మూడోరోజుకు పెట్ట నూకలు ముట్టింది. అయినా ఆవిడ మిగతా కోళ్లలో కలపనివ్వలేదు. నెత్తురు కనిపిస్తే తోటికోళ్లే పొడిచి చంపుతాయి. 1921లో నార్వేదేశంలో ఒక శాస్త్రవేత్త కోళ్ల గుంపులో ఎవరు ఎవర్ని పొడవవచ్చునో ఒక వరస ఉంటుందని రాసి పేరు తెచ్చుకున్నాడు. ఉమ్మడి కుటుంబంలో కోడలిగా ఉన్నవాళ్లకి ఆ పరిశోధన అంత కొత్తగా అనిపించదనుకోండి! నాలుగురోజులు గంపకింద ఉండి వచ్చిన కోడి వరసలో అడుగుకు పోతుంది. అందుకని సాయంత్రం గూట్లో చేరే వేళ, చీకటిపడ్డాక కలిపారు. ఈకల మాటకొస్తే, మొదలంటా ఊడినవి కొన్ని వారాల్లో వచ్చాయి. మొండెలు మిగిలినవి ఈకలు రాల్చే కాలందాకా అలాగే ఉన్నాయి.

పళ్లగాట్లు లోతుగా ఉన్నాయని రెండోరోజునే పశువుల ఆస్పత్రికి కూడా పట్టుకెళ్లాం. అక్కడున్న ఆయన, "కోడికి ఇంజక్షనేమిటమ్మా, కూర వండుకోక" అన్నాడు. మా అత్తగారు, "అది నెలకు పది గుడ్లు పెడుతుంది నాయనా, నీ కూర ఒకపూటే కదా" అన్నారు. ఇంజక్షను చేశాడు. మందు ఒంట్లో ఉన్నన్నాళ్లూ గుడ్లు తినవద్దని కూడా చెప్పాడు, అది మంచిమాటే.

ఆయన్ని అని లాభం లేదు, ఆ చూపుకూ చరిత్ర ఉంది. ఇంగ్లీషువాళ్ల కాలంలో మనదేశంలో పశువైద్యం పెరిగింది గుర్రాలకోసం, తర్వాత ఎడ్లకోసం. ముసర రోగానికి పశువులు మందలుమందలుగా పోతుంటే 1889లో పూనాలో పరిశోధనశాల పెట్టి, 1893లో దాన్ని హిమాలయాల్లోని ముక్తేశ్వర్‌కు మార్చారు. మద్రాసులో పశువైద్య కళాశాల 1903లో వచ్చింది. కోడిమీద చూపు పడింది మన కొక్కెర తెగులు వల్ల. 1927లో రాణిఖేత్‌లో దాన్ని గుర్తించడంతో ఆ ఊరి పేరే రోగానికి పెట్టారు. ఆ తెగులు ముందు మన పసుపూ వేపా పనిచెయ్యవు, టీకా ఒక్కటే దారి. ఈ మాట చెప్పడానికి నాకు మొహమాటం లేదు. పెరటివైద్యం గాయానికి, అంటురోగానికి కాదు.

గాయానికి పసుపు సంగతి అమెరికాదాకా పోయింది, ఎంతమందికి తెలుసో! 1995లో అక్కడి ప్రభుత్వం గాయాలు మాన్పడానికి పసుపు వాడే పద్ధతి మీద మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రానికి పేటెంటు ఇచ్చింది. కనిపెట్టామన్న ఇద్దరూ మనదేశం నుంచి వెళ్లినవారే. మన శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి 1996లో అభ్యంతరం పెట్టి, ఇది కొత్త సంగతి కాదని రుజువులు చూపింది. 1997లో పేటెంటు రద్దయింది. ఆ రుజువులు ఏమిటనుకున్నారు? పాత సంస్కృత గ్రంథాలు, 1953లో ఒక వైద్యపత్రికలో అచ్చయిన వ్యాసం, అలాంటివి. అన్నీ కాగితమే. వేల ఏళ్లుగా పసుపు నూరిన చేతుల్ని ఎవరూ సాక్ష్యానికి పిలవలేదు, పిలిచినా ఆ కచేరీలో అది చెల్లదు. 2001లో మొదలైన సంప్రదాయ విజ్ఞాన భాండాగారంలోనూ ఆయుర్వేదం, యునానీ, సిద్ధ గ్రంథాల్లో రాసివున్నవే ఎక్కించారు. గంపమీద గోనెపట్టా కప్పమని ఏ గ్రంథంలో ఉంది గనక!

ఇదంతా అడుగంటిన వ్యవహారమని అనుకోకండి. 2019 పశుగణనలో దేశంలోని కోళ్లూ బాతులూ వగైరా 85 కోట్ల పైచిలుకైతే, వాటిలో 31 కోట్ల 70 లక్షలు పెరటివే. అంతకుముందు లెక్కకన్నా అవి నూటికి 45 పైగా పెరిగాయి. చాలా ఊళ్లలో గుడ్లు అమ్మిన డబ్బు ఇల్లాలి కొంగుముడిలోకే వెడుతుంది. మగవాడు లెక్క అడగని డబ్బు అదొక్కటే. కుక్క పట్టిన పెట్టను పొయ్యిమీదికి పంపకుండా పదిరోజులు గంపకింద సాకడం వెనక జాలి ఉంది, ఆ కొంగుముడీ ఉంది. రెంటిలో ఏది ఎక్కువని అడిగితే మా అత్తగారు జవాబు చెప్పేవారు కాదు.

హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థవారు పెరళ్లకోసం వనరాజా అనే జాతిని తయారుచేశారు. దానికి తెల్లఈకలు లేకుండా రంగురంగుల ఈకలు, పొడుగు కాళ్లు ఉంటాయి. శత్రువు కంటపడకుండా, పడ్డా పరిగెత్తి తప్పించుకునేలా అది పనికొస్తుందని వారు చెబుతారు. గుడ్లూ ఎక్కువే. కాని ఒక చిక్కుంది, అది పొదగదు. వనరాజా గుడ్లు పిల్లలు కావాలంటే పల్లెల్లో ఈనాటికీ నాటుపెట్ట కిందే పెడుతున్నారు.