నిట్టాడికి వేలాడిన మూట

ఇంకో రెండు కొబ్బరి డొక్కలు వెయ్యరా చిన్నోడా, మంట కిందికి పోతోంది. అమ్మడూ, నువ్వు ఈ పక్కకి వచ్చి కూర్చో, పొగ నీ మీదకే కొడుతోంది. పిల్లాడి చెవులకి ఆ తువ్వాలు చుట్టు. పుష్యమాసం చలి మన మెట్టలో ఒక రకం, మా లంకలో ఒక రకం. కామవరపుకోట చలి పొడిగా కొరుకుతుంది. కొల్లేటి చలి తడిగా వచ్చి ఎముకల్లోకి దిగిపోతుంది.

పొద్దున నువ్వు నీ మోటార్ల కొట్లో ఎవరితోనో అంటుంటే విన్నాన్రా. "లెక్కలన్నీ నాకు గుర్తే, మిగతావి ఫోన్లో ఉన్నాయి, ఏం కంగారు లేదు" అన్నావు. సరిగ్గా ఆ మాటే ఒకప్పుడు మీ తాతయ్య నోట విన్నాను. అప్పుడు ఫోను లేదు, అంతే తేడా. అందుకే ఇవాళ మిమ్మల్నిద్దర్నీ ఇక్కడ కూర్చోబెట్టాను. నిద్రొస్తే పిల్లాణ్ణి పడుకోబెట్టు గానీ, మీరు మాత్రం లేవకండి.

నేను పుట్టింది కొల్లేటి లంకలో. కొల్లేటికి నీరు రావడానికి దారులు చాలా ఉన్నాయి. తమ్మిలేరు వస్తుంది, బుడమేరు వస్తుంది, రామిలేరు వస్తుంది. పోవడానికి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే దారి. ఎగువన కొండల్లో వాన పడితే మా ఊళ్లో చినుకు లేకపోయినా వాకిట్లోకి నీళ్లొచ్చేవి. అందుకని మా అమ్మ ఇంటి నడిమి నిట్టాడికి ఒక మూట వేలాడగట్టేది, ఉట్టి కట్టినట్టు. మృగశిర కార్తె రాగానే దాన్ని దింపి, విప్పి, అన్నీ ఎండబెట్టి, పాతవి తీసి కొత్తవి పెట్టి మళ్లీ కట్టేది. ఏమేం ఉండేవో నాకిప్పటికీ వరసగా గుర్తే. రెండు మానికల బియ్యం, అటుకులు, బెల్లం అచ్చు, ఉప్పు, కొబ్బరి తాడు, మూత బిగించిన గాజు సీసాలో అగ్గిపెట్టెలు, ఒక కిరసనాయిలు బుడ్డి. అన్నిటికన్నా అడుగున ఒక తగరపు డబ్బా. అందులో పొలం కాగితాలు, తాకట్టు చీటీలు, గుడ్డలో ముడేసిన రూపాయిలు. మూత చుట్టూ కొవ్వొత్తి మైనం కరిగించి పోసేది. నీళ్లలో పడ్డా తేలాలి, తేలి దొరికాక లోపల కాగితం తడవకూడదు.

ఇంట్లో ఐదేళ్ల పిల్లాణ్ణి అడిగినా ఆ మూట ఎక్కడుందో చెప్పేవాడు. నీళ్లొస్తున్నాయని అరుపు వినపడితే తాటి దోనె విప్పేది నాన్న, మూట దింపేది అమ్మ, మేకల తాళ్లు కోసేది మా అన్నయ్య, తమ్ముణ్ణి చంకనెత్తుకునేది నేను. ఎవరి పని ఏదో ముందే తెలుసు. చీకట్లో, గాలిలో ఒకళ్ల మాట ఒకళ్లకి వినపడదు కదా, అప్పుడు చెప్పుకుందామంటే కుదరదు.

1977 నవంబరు 19న ఉప్పెన వచ్చిందే, దివిసీమ కొట్టుకుపోయిన ఉప్పెన, ఆ రాత్రి నేను ఇక్కడే ఉన్నాను, పెళ్లయి పదకొండేళ్లు. సముద్రం పక్కన వేలమంది పోయారు, ఊళ్లకి ఊళ్లు లేకుండా పోయాయి. మా లంక దాకా సముద్రం రాలేదు, గాలి వచ్చింది. పుట్టింటి కప్పు మొత్తం లేచిపోయింది. వారం తర్వాత నాన్న ఇక్కడికి వచ్చి, అరుగు మీద కూర్చుని, మంచినీళ్లు తాగి, "మూట ఉందమ్మా" అన్నాడు. ఇల్లు పోయిందని చెప్పకుండా ముందు ఆ మాట చెప్పాడు. మూడు రోజులు ఆ అటుకులూ బెల్లమే తిన్నారట, పక్కింటి వాళ్లతో పంచుకుని.

నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఇక్కడా ఒక మూట కట్టాను. మీ తాతయ్య చూసి, "మెట్టలో వరదేమిటే, గుంటుపల్లి కొండ మునుగుతుందా" అని నవ్వారు. నిజమే, ఇక్కడ నీళ్లు రావు. మూడో ఏడు రోహిణి కార్తెలో నిప్పు వచ్చింది. ఆ రోజుల్లో ఈ వీధంతా తాటాకిళ్లు. మిట్టమధ్యాహ్నం ఎక్కడో ఒక పొయ్యి రవ్వ లేచింది, నేను బావి దగ్గర బిందె దించేలోపు నాలుగిళ్లు అంటుకున్నాయి. పిల్లల్ని లాక్కుని, మూట భుజాన వేసుకుని బయటికి వచ్చాను. పక్కింటావిడ పిల్లల్ని బయట వదిలేసి ట్రంకు పెట్టె కోసం మళ్లీ లోపలికి పరిగెత్తింది. చేతులు కాలాయి. పెట్టె రాలేదు. ఆ పెట్టెలో ఉన్న దస్తావేజులకి నకళ్లు తెచ్చుకోవడానికి ఆవిడ మొగుడు ఎన్నిసార్లు రిజిస్ట్రారాఫీసు చుట్టూ తిరిగాడో నేను కళ్లారా చూశాను. ఆ సాయంత్రం మీ తాతయ్య ఏమీ అనలేదు. తన కొట్టు లెక్కల చిట్టా ఒకటి తెచ్చి నా చేతికిచ్చి, "ఇది కూడా అందులో పెట్టు" అన్నారు.

పెట్టాను. అయితే చిట్టా పెట్టినంత మాత్రాన లెక్క తెలిసినట్టు కాదని నాకప్పుడు తెలియలేదు.

మన కిరాణా కొట్టు సంగతి మీకు సగమే తెలుసు. అది మొత్తం పొగాకు మీద నడిచేది. రైతు నారు పోసిన దగ్గర్నుంచి బ్యారన్లో ఆకు కాల్చి, గ్రేడు చేసి అమ్ముకునేదాకా ఉప్పూ పప్పూ అన్నీ అరువే. పొగాకు బోర్డు వేలంపాటలు మన వైపు రాకముందు ఆకు కొన్న వ్యాపారి డబ్బు ఎప్పుడిస్తాడో రైతుకే తెలియదు, ఇంక మనకేం తెలుస్తుంది? మూడొందల ఇళ్ల అరువు మీ తాతయ్య తలలో ఉండేది. చిట్టాలో రాసినా ఆయనకే అర్థమయ్యే రాత. ఒక పేరు పక్కన సున్నా చుడితే ఒక అర్థం, గీత గీస్తే ఇంకో అర్థం.

1988లో, మాఘమాసం అనుకుంటా, తెల్లవారుజామున లేవబోయి పడిపోయారు. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. మాట పోయింది. 108 బండి వచ్చింది 2005లో కదా, అప్పుడేముంది. ట్రాక్టరు తొట్టిలో పరుపేసి ఏలూరు తీసుకెళ్లాం. దారి పొడుగునా ఆయన నా వంక చూస్తూనే ఉన్నారు. ఏదో చెప్పాలని పెదాలు కదులుతున్నాయి, శబ్దం లేదు.

ఆసుపత్రిలో నా మెళ్లో గొలుసు తాకట్టు పెట్టాను. అప్పటికి అది చాలింది. ఇంటికొచ్చాక అసలు కష్టం మొదలైంది. తాడేపల్లిగూడెం నుంచి టోకు వ్యాపారి గుమాస్తా వచ్చి పాత బాకీ ఉందన్నాడు. ఇచ్చారో లేదో నాకు తెలియదు. కొట్లో ఇనప కమ్మీకి గుచ్చిన చీటీలు వందల్లో ఉన్నాయి, అడుగున ఉన్నవి చిరిగి మసిబారిపోయాయి. ఒక రాత్రంతా దీపం దగ్గర కూర్చుని వాటిని తీశాను. దొరకలేదు. కట్టాను.

తర్వాత మీ తాతయ్య మంచం పక్కన పీట వేసుకుని కూర్చునేదాన్ని. వీధి వరసన ఒక్కో ఇంటి పేరు చదివేదాన్ని. "వీళ్లు ఇవ్వాలా?" అని అడిగితే, ఇవ్వాలంటే కళ్లు మూసేవారు, అక్కర్లేదంటే తెరిచే ఉంచేవారు. తర్వాత "వందా? రెండొందలా? ఐదొందలా?" అని అడిగేదాన్ని. ఒక్కో పేరుకి పావుగంట పట్టేది. నాలుగిళ్లు అయ్యేసరికి ఆయన కళ్లమ్మట నీళ్లు కారిపోయేవి. అలసటో, అవమానమో, నేనెప్పుడూ అడగలేదు. నలభై రోజులు అలా చేశాం. కొంతమంది వాళ్లంతట వాళ్లే వచ్చి, "అమ్మా, మేమింత ఇవ్వాలి" అని చెప్పి వెళ్లారు. కొంతమంది మన వీధి వైపు రావడం మానేశారు. వాళ్ల పేర్లు నాకు గుర్తే, చెప్పను, వాళ్ల మనవలు ఇవాళ నీ కొట్లో మోటార్లు కొంటున్నారు.

అప్పుడే ఇన్సూరెన్సు బాండు కూడా బయటపడింది. తీసి చూస్తే కిస్తీ కట్టే గడువు ఆసుపత్రిలో ఉన్నప్పుడే దాటిపోయింది. నామినీ పేరు మా అత్తగారిది. ఆవిడ పోయి అప్పటికి తొమ్మిదేళ్లు. ఎవరి తప్పూ లేదు, పెళ్లికి ముందు రాసిన పేరు మార్చాలని ఎవరికీ తోచలేదు. ఆయన బతికారు గనక సరిపోయింది.

మాట తిరిగి రావడానికి ఏడు నెలలు పట్టింది, అదీ నంగినంగిగా. వచ్చాక ఆయన చేసిన మొదటి పని ఏమిటో తెలుసా? ఎడమచేత్తో రాయడం నేర్చుకుని, ఒక నీలం అట్ట పుస్తకం మొదలుపెట్టారు. ప్రతి అమావాస్యకి కొట్టు మూసేసి నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకునేవారు. మనకి రావాల్సింది, మనం ఇవ్వాల్సింది, ఏ కాగితం ఎక్కడుంది, ఏ కిస్తీ ఏ నెలలో, ఆపదొస్తే ముందు ఎవరికి కబురు పెట్టాలి, అన్నీ. ఆయన రాయడం, నేను చదవడం. నాకు అర్థం కాని గుర్తు ఒక్కటి కూడా ఉండనిచ్చేవారు కాదు. బ్యాంకు ఖాతా ఇద్దరి పేరా మార్పించారు, ఇద్దరిలో ఎవరైనా తీసుకునేట్టు.

ఇంకో అలవాటు మా అమ్మ దగ్గర్నుంచి వచ్చింది. మా లంకలో ఎంత కరువొచ్చినా విత్తనాల కుండలో చెయ్యి పెట్టేవాళ్లు కాదు. కొట్టు గల్లాపెట్టె రాత్రి లెక్కపెట్టే ముందే ఐదు రూపాయలు తీసి వేరే డబ్బాలో వేసేదాన్ని. లెక్కపెట్టాక తీద్దామంటే ఎప్పుడూ మిగలదురా. నెలకోసారి పోస్టాఫీసులో కట్టేదాన్ని. ఆ డబ్బుకి ఇంట్లో పేరే "విత్తనాలు". పెళ్లికి వాడకూడదు, పండక్కి వాడకూడదు, ఎంత చవగ్గా వచ్చినా సరుక్కి వాడకూడదు. ఇంటి ఖర్చు, కొట్టు అద్దె, కుర్రాడి జీతం కలిపి నాలుగు నెలలకి సరిపడా అయ్యేదాకా అందులోంచి పైసా తీసేది లేదు.

2020 మార్చిలో కరోనాకి నీ కొట్టు మూతపడినప్పుడు ఆ పాత అలవాటే అన్నం పెట్టింది, నీకు గుర్తుంది కదా. మోటార్లు కొనేవాడు లేడు, కంపెనీ వాడు మాత్రం చెక్కు పడుతుందన్నాడు. నువ్వు నా దగ్గరికి వచ్చి ఏమీ అడగకుండా నిలబడ్డావు.

కానీ ఒక మాట. అంతా ఇంట్లో నగదుగా దాచడమూ పనికిరాదు. 2016 నవంబరు 8 రాత్రి ఐదొందలు, వెయ్యి నోట్లు చెల్లవన్నప్పుడు ఈ వీధిలో ఎంతమంది ఆడవాళ్ల పోపుల డబ్బాలు బయటపడ్డాయో. నాదీ ఉంది. వారం ఖర్చుకి చిన్న నోట్లు ఇంట్లో, మిగతాది బ్యాంకులో, పోస్టాఫీసులో. బ్యాంకులో వేస్తే ఐదు లక్షల దాకా బీమా ఉంటుంది, 2020 నుంచి. నెలకి నూటికి మూడు రూపాయలిస్తామని బోర్డు కట్టేవాళ్ల దగ్గర ఆ బీమా ఉండదు.

మా తమ్ముడి సంగతి తలుచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. కొల్లేట్లో చేపల చెరువు తవ్వాడు. ఇంటి మీద అప్పు, మరదలి మెళ్లో బంగారం, ఉన్నదంతా ఆ ఒక్క నీళ్లలోనే పోశాడు. 2006లో కొల్లేటి హద్దుగా పెట్టిన ఐదో కాంటూరు లోపల చెరువులన్నీ పగలగొట్టారు. కొల్లేరు బతకాలంటే తప్పదన్నారు, ఆ మాట కాదనను, చిన్నప్పటి కొల్లేరు చూసినదాన్ని. అయినా గట్టు తెగి చేపలు పోతుంటే మరదలు గట్టు మీద కూలబడి ఉండటం చూశాను. పక్కన రెండెకరాల వరైనా, రెండు గేదెలైనా ఉంచుకుని ఉంటే లేచి నిలబడేవాడు.

మీ తాతయ్య 2011లో పోయారు. పదకొండో రోజున, ఇంటి నిండా చుట్టాలు ఉండగా, ఒకాయన వచ్చి నలభై వేలు రావాలన్నాడు. నేను ఏడుస్తూనే లోపలికెళ్లి నీలం పుస్తకం తెచ్చాను. ఇరవై మూడో పేజీ. ఆ డబ్బు తిరిగిచ్చిన తారీకు, కింద ఆ వచ్చిన మనిషే చేసిన సంతకం. చదివాడు, పుస్తకం మూసి నా చేతికిచ్చి వెళ్లిపోయాడు. ఇద్దరి పేర ఖాతా గనక కర్మఖర్చులకి ఎవరి ముందూ చెయ్యి చాపలేదు. మళ్లీ కిస్తీలు కట్టి, పేరు మార్పించి నిలబెట్టుకున్న బాండు గనక నెల తిరక్కుండా ఆ డబ్బూ వచ్చింది, నామినీ నేనే. వీలునామా కూడా రాసి పెట్టారు, ఇద్దరు సాక్షులతో. మీ నాన్నా, మీ అత్తా ఈనాటికీ ఒకే కంచంలో తింటున్నారంటే ఆ కాగితం పుణ్యం కూడా ఉంది.

ఇప్పుడు నీ సంగతికి వద్దాం. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడని ముంచి, ఆ నీళ్లన్నీ కొల్లేట్లోకి దిగినప్పుడు మా లంకవాళ్లకి ఫోన్లు చేస్తే మోగనే లేదు. కరెంటు లేదు, ఛార్జింగు లేదు. నీ లెక్కలు ఆ ఫోన్లోనే ఉంటే ఎలారా? అమ్మడూ, నిన్ను అడుగుతున్నాను. వీడి ఫోను తెరిచే నంబరు నీకు తెలుసా? తెలియదు కదా. కొట్లో సరుక్కి నిప్పు బీమా ఉందా? ఏ నెలలో కట్టాలి? బ్యాంకులో నామినీ ఎవరు? ఇప్పుడు నలుగురి పేర్ల దాకా రాసుకోవచ్చటగా. మీ పెళ్లికి ముందు తెరిచిన ఖాతా అది, వెళ్లి చూసుకోండి. బ్యాంకులో ఏడాదికి 436 రూపాయలు, 20 రూపాయలు కోసుకునే బీమాలున్నాయి, ఒక్కోటి రెండు లక్షలు. మొదటిది ఏ రకంగా పోయినా వస్తుంది, రెండోది ప్రమాదానికి. మొదటిదాంట్లో యాభై దాటితే కొత్తగా చేర్చుకోరు. మే నెలాఖర్లో ఖాతా ఖాళీగా ఉంచావంటే అవి ఆగిపోతాయి.

మొహం అలా పెట్టకురా నాన్నా. నువ్వు చల్లగా నూరేళ్లుండాలనే చెప్తున్నాను. నలభై రోజులు పీట మీద కూర్చుని మొగుడి కళ్లలోకి చూస్తూ లెక్కలు అడిగినదాన్ని నేను. ఈ పిల్ల ఆ పీట మీద కూర్చోకూడదు.

అమ్మడూ, లోపల ట్రంకు పెట్టెలో కుడిపక్కన తగరపు డబ్బా ఉంటుంది, మా అమ్మదే. దాని కింద నీలం పుస్తకం. వెనక పేజీలు ఇంకా చాలా ఖాళీగా ఉన్నాయి. పెన్నూ అదీ తీసుకుని రా. చిన్నోడా, మంట పైకి ఎగదొయ్యి, అక్షరాలు కనపడాలి. నువ్వు చెప్పు, తను రాస్తుంది.