ఎల్మ్ ఖాళీ చేసిన నీడ

అక్టోబరులో న్యూజెర్సీలోని మనవాళ్ల ఇంటికి వెళ్తే, వాకిట్లో ఎర్రగా మండుతున్న చెట్టు కింద ఫొటో దిగకుండా వదలరు. అది రెడ్ మేపుల్. వందేళ్ల కిందటైతే అమెరికా ఊళ్లలో వీధి నీడంటే ఎల్మ్ చెట్టుదే. రోడ్డుకు అటూ ఇటూ ఎదిగి, కొమ్మలు కలిపి పందిరి వేసేది.

1930లో ఒహాయోలో ఆ పందిరికి చీడ పట్టింది. యూరప్ నుంచి దిగుమతైన ఎల్మ్ దుంగల్లో బెరడు పురుగులు, వాటితో పాటే ఒక శిలీంధ్రం వచ్చాయి. అది చెట్టులో నీరెక్కే నాళాలను మూసేసేది. నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు ముందుగా దాని గుట్టు విప్పారు కాబట్టి డచ్ ఎల్మ్ తెగులు అన్నారు. పక్కపక్కనే నాటిన చెట్లకు మట్టిలో వేళ్లూ అతుక్కుపోయేవి. తెగులు ఆ దారినే వరసంతా పాకింది.

ఖాళీ అయిన చోటుకు తెచ్చిన చెట్లలో రెడ్ మేపుల్ ఒకటి. న్యూఫౌండ్‌ల్యాండ్ నుంచి ఫ్లోరిడా దాకా అడవుల్లో, చిత్తడి నేలల్లో పెరిగేదే. చలికాలం చివర్లో పూసే పువ్వు ఎరుపు, ఆకు తొడిమె ఎరుపు. అందుకే వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో దానికి ఎరుపు అనే అర్థం వచ్చే పేరే పెట్టాడు. చిక్కల్లా విత్తనంతోనే. ఒక మొక్క శరత్తులో ఎర్రబడితే ఇంకోటి పసుపుకు తిరిగేది.

బంగినపల్లి టెంక నాటితే బంగినపల్లే కాస్తుందన్న భరోసా లేదు కదా, అంటు కట్టాల్సిందే. అక్కడి నర్సరీలూ అదే చేశాయి. న్యూజెర్సీలోని ప్రిన్స్‌టన్ నర్సరీస్ 1961లో ‘అక్టోబర్ గ్లోరీ’ని, 1966లో ఓరెగాన్ నర్సరీ ఒకటి ‘రెడ్ సన్‌సెట్’ను తెచ్చాయి. అయితే వేరుమొక్కతో పొసగక, కొన్ని చెట్లు ఏళ్ల తర్వాత అతుకు దగ్గర విరిగిపోయేవి. దాంతో కొమ్మ ముక్కలకే వేళ్లు పుట్టించే పద్ధతికి మళ్లారు.

పెరట్లో నాటేవాళ్లు దాని చిత్తడి పుట్టుక మరవకూడదు. వేళ్లు పైపైనే పాకుతాయి, కాలిబాటను లేపేస్తాయి. గోడకూ బాటకూ ఎడంగా నాటాలి. మొదలు విచ్చుకునే చోటు మట్టిపైకి కనబడాలి. చెక్కపొట్టు కాండానికి తగలకుండా పరచాలి. సున్నపు నేలలో ఆకు పాలిపోతుంది. వాడిన ఆకు గుర్రాలకు విషం.

అసలు ముచ్చట చివర్లో ఉంది. అదే ప్రిన్స్‌టన్ నర్సరీస్ 1922లో, తెగులు ఇంకా అమెరికా గడప తొక్కకముందే, అందం చూసి ఒక ఎల్మ్‌ను ఎంచుకుంది. అది తెగులును తట్టుకుంటుందని తర్వాత తేలింది. ఇప్పుడు వైట్‌హౌస్ ముందున్న పెన్సిల్వేనియా అవెన్యూలో నీడనిస్తున్నది ఆ రకం ఎల్మే.

‘అక్టోబర్ గ్లోరీ’లన్నీ ఒకే చెట్టు నకళ్లు. ఒకదానికి వచ్చిన చీడ అన్నిటికీ రావచ్చు. పక్కింట్లో మేపుల్ ఉంటే, మన వాకిట్లో ఓక్ నాటడం మేలు.