కొంగు నీడన నాలుగు గంటలు

బంగ్లాదేశ్‌లోని చాంద్‌పూర్ జిల్లాకు చెందిన మత్లబ్ పేరు వైద్యులకు కలరా పరిశోధనల వల్ల పరిచితం. అక్కడి పరిశోధన కేంద్రం 1966 నుండి చుట్టుపక్కల గ్రామాలలో ఇంటింటికీ తిరిగి ప్రతి జననాన్నీ, ప్రతి మరణాన్నీ నమోదు చేస్తూ వచ్చింది. ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని త్రాగించి అతిసార రోగులను బ్రతికించవచ్చునని నిరూపించిన ప్రయోగాల చరిత్రలో ఆ గ్రామాలకు చోటుంది.

ఆ నమోదు పుస్తకాలలోనే మరొక విషయం చాలాకాలం మరుగున పడి ఉంది. 1983లో అక్కడ ఒకటి నుండి నాలుగేళ్ల పిల్లల మరణాలలో నీట మునిగి చనిపోయినవారు నూటికి 9 మంది. 2000 నాటికి నూటికి 53 మంది. చెరువులు పెరిగినందువల్ల ఇలా జరిగిందనుకోరాదు. టీకాలు, అతిసార చికిత్స తక్కిన మరణాలను తగ్గించగా, నీటి వల్ల కలిగే మరణాలు మాత్రం అలాగే మిగిలిపోయాయి.

ఇంతటి మృత్యుకారణం వైద్యుల కంటికి ఎందుకు ఆనలేదు? మునిగిన పిల్లవాడు ఆసుపత్రి దాకా రాడు గనుక. నీటిలో కొన్ని నిమిషాలు గడిచేసరికే అంతా ముగిసిపోతుంది. ఊరివారు బిడ్డను తలపై వేసుకుని గిరగిర త్రిప్పడం, పొట్ట నొక్కడం వంటివి చేసేవారు. ఇవి మన పల్లెలలోనూ ఉన్నవే. నోటి ద్వారా శ్వాస అందించవలసిన విలువైన క్షణాలు వాటికే ఖర్చయిపోయేవి. ఆసుపత్రి రిజిస్టరును మాత్రమే చూసేవారికి ఈ మరణాలు లేనట్లే.

2003లో బంగ్లాదేశ్‌లో లక్షా డెబ్బై వేలకు పైగా ఇళ్లలో సర్వే జరిగింది. ఏటా సుమారు 17,000 మంది పిల్లలు, అంటే రోజుకు 46 మంది, నీటికి బలి అవుతున్నారని అందులో తేలింది. అన్నిటికంటె ఉపయోగపడిన సమాచారం మాత్రం గడియారానికి సంబంధించినది. ఈ మరణాలలో అధికభాగం ఉదయం తొమ్మిదింటికీ మధ్యాహ్నం ఒంటిగంటకూ నడుమ జరుగుతున్నవి. తండ్రి పొలానికి, పెద్దపిల్లలు బడికి వెళ్లిన వేళ అది; తల్లి వంటపనిలో ఉండే వేళ. గుంట ఎక్కడో కాదు, ఇంటి పెరటిలోనే ఉంటుంది.

“బిడ్డను జాగ్రత్తగా చూసుకోవాలమ్మా” అనే హితవు ఇక్కడ ఎంత నిరర్థకమో గమనించండి. (మా వృత్తివారికి ఇది అతి ప్రియమైన మందు; ఖర్చు లేనిది.) ఆ తల్లికి తెలియనిదేమీ లేదు. ఆమెకు లేనిది మరో జత కళ్లు.

2005 తరువాత బంగ్లాదేశ్ గాయాల నివారణ సంస్థ, యూనిసెఫ్ తోడ్పాటుతో, ఆ కళ్లను ఊరిలోనే వెదికింది. ఊరివారికి తెలిసిన ఒక స్త్రీని ఎంచుకొని, శిక్షణ ఇచ్చి, ఒక సహాయకురాలిని జతచేసి, ఆమె ఇంటినే శిశుసంరక్షణ కేంద్రంగా మార్చింది. వారానికి ఆరు రోజులు, తొమ్మిది నుండి ఒంటిగంట వరకు, ఇరవై పాతికమంది పసివారు అక్కడ ఉంటారు. ఆటలు, పాటలు, అక్షరాలు నేర్పుతారు. ఈ కేంద్రాలకు ‘ఆంచల్’ అని పేరు. బెంగాలీలో ఆ మాటకు చీరకొంగు అని అర్థం. సంస్కృత ‘అంచలమే’ అది. నడిపే స్త్రీని ఆంచల్ తల్లి అంటారు. ఇటువంటి పథకాలకు కార్యాలయాలలో పుట్టిన పేర్లు పెట్టడం ఆచారం. ఈ పేరు పెట్టినవారెవరో గాని ఊరి భాష తెలిసినవారు.

ఫలితం? 2012లో వెలువడిన అధ్యయనం ప్రకారం, ఆంచల్‌కు వెళ్లే పిల్లలలో నీట మునిగి చనిపోయే ప్రమాదం నూటికి 80కి పైగా తగ్గింది. తర్వాత పెద్ద ఎత్తున జరిగిన మరొక ప్రయత్నంలో ఇళ్లకు చిన్న కంచె గదులను కూడా పంచారు. బుడిబుడి నడకలు నేర్చిన బిడ్డ ఊచల మధ్య ఎంతసేపు కూర్చుంటాడు?

నాలుగేళ్లు దాటినవారికి ఈత నేర్పారు. ఊరి చెరువులోనే వెదురుతో వేదిక కట్టి, స్థానిక యువతీయువకులనే శిక్షకులుగా నియమించారు. 25 మీటర్లు ఈదగలగడం, నీటిపై కొంతసేపు తేలి ఉండగలగడం, తోటివాడిని ఒడ్డు నుండే రక్షించగలగడం — ఇంతే పాఠం. ఈత వచ్చిన పిల్లలలో మరణాల తగ్గుదల నూటికి 90ని మించింది.

2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ విషయంపై తన మొదటి నివేదికను వెలువరించి, ఏటా 3,72,000 మంది నీట మునిగి చనిపోతున్నారని ప్రకటించింది. బంగ్లాదేశ్, ఐర్లండ్ చొరవతో ఐక్యరాజ్యసమితి 2021లో జూలై 25ను దీని నివారణ దినంగా నిర్ణయించింది. 2022లో బంగ్లాదేశ్ ప్రభుత్వమే 16 జిల్లాలలో 8,000 కేంద్రాల పథకాన్ని ఆమోదించింది. ఒక స్వచ్ఛంద సంస్థ ప్రయోగం ప్రభుత్వ బాధ్యతగా మారడానికి సుమారు పదహారేళ్లు పట్టిందన్నమాట.

కోనసీమలోనూ, కృష్ణా డెల్టాలోనూ ఇంటి వెనుక పంటకాలువ, వీధి చివర చెరువు ఉన్న ఊళ్లు కోకొల్లలు. మనకు 1975 నుండి అంగన్‌వాడీలు ఉన్నాయి. పూర్వప్రాథమిక విద్య పేరున అవి రోజూ కూర్చోబెట్టుకునేది మూడు నుండి ఆరేళ్ల పిల్లలను. అంతకంటె చిన్నవారికి ప్రధానంగా అందేది ఇంటికి పంపే పౌష్టికాహారం. నడక వచ్చి భయం ఇంకా రాని ఆ రెండేళ్లూ బిడ్డ ఉదయం పూట ఇంటి వద్దనే ఉంటాడు. తల్లి పొయ్యి దగ్గరో, పొలంలోనో ఉంటుంది.