చొక్కాలో దాగిన బంతి

ఉగాది సంచికలో అమెరికా ఫుట్‌బాలు ముచ్చట ఏమిటని పెద్దలు మమ్ములను అడుగవచ్చును. కారణమున్నది. మన హరూరు తెలుగిండ్ల పిల్లలు కొందరు ఆ దేశానికి చదువులకు పోయారు. సెలవులకు వచ్చినప్పుడు ఆ ఆటను గురించి గంటలకొద్దీ చెబుతారు. పేరుకు ఫుట్‌బాలే గాని అక్కడ కాలికంటె చేతికే పని ఎక్కువ అని విని మన అవ్వలు నవ్వుకుంటారు. కాలికి పని పడేది కొద్దిసార్లే. ఆట మొదలుపెట్టేటప్పుడు, బంతిని ఎదుటివారి వైపు దూరంగా తన్ని వదిలించుకొనేటప్పుడు, రెండు కొయ్యల నడుమకు తన్ని మూడు పాయింట్లు సంపాదించేటప్పుడు. టక్కరి ఎత్తులకు సందు దొరికేది ముఖ్యంగా ఆ ఘడియలలోనే. ఆ ఎత్తుల చరిత్రే ఇక్కడ మనవి చేస్తున్నాము.

ముందు మనకు తెలిసిన చెడుగుడు సంగతి చూడండి. తమిళ పిల్లలు దానినే సడుగుడు అంటారు. కూతకు వచ్చినవాడు ఎడమకు పోయినట్లు పోయి కుడివైపువానిని తాకితే భళా అంటాము. కూత నడుమ దొంగచాటుగా ఊపిరి పీల్చుకుంటే వానిని బయటికి పంపుతాము. రెండూ మోసాలే గదా! ఒకటి ఎందుకు విద్య అయింది, రెండవది ఎందుకు తప్పు అయింది? అమెరికా కాలేజీలవారు ఈ ప్రశ్నతోనే నూరేండ్లకు పైగా తంటాలు పడుతున్నారు.

1903వ సంవత్సరం అక్టోబరు 31వ తేదీన హార్వర్డు విశ్వవిద్యాలయం జట్టుకు, పెన్సిల్వేనియాలోని కార్లైల్ ఇండియన్ పాఠశాల జట్టుకు పోటీ జరిగింది. ఈ ఇండియన్లు మనవారు కారు, అమెరికా ఆదివాసులు. 1879లో పెట్టిన ఆ పాఠశాలలో పిల్లల జుట్టు కత్తిరించి, పేర్లు మార్చి, తల్లిభాష మాట్లాడరాదని కట్టడి చేశారు. తమిళ బడిలో చదివి ఇంటికి వచ్చి తెలుగు మాట్లాడుకొనే మనకు ఆ సంగతి చదివితే మనసు కలుక్కుమంటుంది. 1918లో ఆ పాఠశాల మూతబడింది.

హార్వర్డువారు ఒడ్డూ పొడుగూ గలవారు. కార్లైల్‌వారు తేలికపాటి మనుషులు, వారికి బలము కంటె ఉపాయమే దిక్కు. శిక్షకుడు పాప్ వార్నర్ ఒక దర్జీచేత చొక్కా నడుముకు ఎలాస్టిక్ పట్టీ కుట్టించాడు. రెండవ భాగం మొదట హార్వర్డువారు తన్నిన బంతిని జిమ్మీ జాన్సన్ పట్టుకున్నాడు. తోటివారు చుట్టూ గుమిగూడారు. ఆ గుంపులో బంతి చార్లీ డిల్లన్ వీపున చొక్కాలోకి జారింది. గుంపు విడిపోయింది. మిగిలినవారు బంతి తమ దగ్గరే ఉన్నట్లు నటిస్తూ తలోదిక్కుకు పరుగెత్తారు. డిల్లన్ మాత్రం రెండు చేతులూ ఊపుకుంటూ తిన్నగా పోయాడు. చేతిలో బంతి లేనివానిని ఎవరు ఆపుతారు? గీత దాటిన తరువాతనే బంతి చొక్కాలోనుండి బయటపడింది. కార్లైల్‌కు 11, హార్వర్డుకు సున్న! చివరకు హార్వర్డే 12-11తో గెలిచింది గాని ఆ ఆట పేరు చెబితే జనం తలచుకొనేది ఆ చొక్కానే.

నాటి నియమాలలో చొక్కాలో బంతి దాచరాదని లేదు. నేటి కాలేజీ నియమాలలో ఉన్నది. బంతిని బట్టలలో దాచరాదు, బంతికి బదులు మరొక వస్తువును బంతిగా చూపరాదు. ఆటగాడు బయటికి పోతున్నట్లు నటించి గీత పక్కన నక్కి ఉండరాదు. పైనుండి వచ్చే బంతిని పట్టేవాడు చేయెత్తి ఊపితే అతనిని ఎవరూ గుద్దరాదు, అతడూ బంతితో పరుగెత్తరాదు. కొందరు గడుసువాళ్లు చేయి సగమెత్తి, ఎదుటివారు తటపటాయించగానే పరుగు లంకించుకొనేవారు. అందుచేత సగం సైగ చేసినా బంతి పట్టగానే ఆట ఆగిపోతుందని నియమం పెట్టారు.

అయితే మోసమంతా నిషేధించారని అనుకోవద్దు. కొయ్యలవైపు తన్నుతామని నిలబడి తన్నకుండా పరుగెత్తవచ్చును. 2007 సెప్టెంబరులో లూసియానా స్టేట్ విశ్వవిద్యాలయం ఆటగాడు మాట్ ఫ్లిన్, తన్నడానికి బంతిని పట్టి ఉంచవలసినవాడు, వెనుకకు చూడకుండానే తలమీదుగా దానిని విసిరాడు. తన్నవలసిన కోల్ట్ డేవిడ్ అందుకొని గీత దాటాడు. సౌత్ కరోలినావారు నోరు తెరుచుకొని చూశారు. ఎవరూ తప్పు పట్టలేదు. మాకు తోచినంతవరకు, బంతి ఎటు పోతుందో దాచవచ్చును గాని, ఆట నడుస్తున్నదా ఆగిందా, బంతి ఏది, ఆటగాడెవడు అన్నవి దాచరాదు.

ఈ తగవు మన పొరుగున బెంగుళూరుకు కూడ వచ్చింది. ఆట మనకు తెలిసిన ఫుట్‌బాలే. 2023 మార్చి 3న కంఠీరవ స్టేడియంలో బెంగుళూరుకు, కేరళ బ్లాస్టర్స్‌కు పోటీ. అదనపు సమయంలో బెంగుళూరుకు ఫ్రీకిక్ దొరికింది. కేరళవారు ఇంకా గోడ కట్టుకోకముందే సునీల్ ఛెత్రి బంతిని గోలులోకి పంపాడు. ఈల అక్కరలేదని రిఫరీతో ముందే చెప్పానని అతని మాట. దూరం సరిచూస్తుండగా ఈల లేకుండా తన్నరాదని కేరళవారి మాట. నియమం రెండింటికీ చోటిస్తుంది. వెంటనే తన్నవచ్చును, కాని రిఫరీ పది గజాల దూరం కొలవడం మొదలుపెడితే ఈలకు ఆగవలసిందే. ఇక్కడ అది మొదలైనదా లేదా అన్నదే చిక్కు. రిఫరీ గోలు ఇచ్చాడు. కేరళ జట్టు మైదానం విడిచి వెళ్లిపోయింది. ఆ నెలాఖరుకు ఫుట్‌బాలు సమాఖ్య వారికి 4 కోట్ల రూపాయల జరిమానా వేసింది.

గోలు న్యాయమైనదే అనుకున్నా మాకు మనసొప్పదు. ఆగిందనుకొని నిలబడినవానిమీద గెలవడమేమిటి? మన పిల్లలు మాత్రం మాతో ఏకీభవించరు. హరూరు మైదానంలో ఇప్పుడు ఫ్రీకిక్ ఇచ్చిన మరుక్షణం ఒకడు పరుగెత్తుకొని వచ్చి బంతికి అడ్డంగా నిలబడుతున్నాడు, తగాదా ఆ తరువాత. అదీ తప్పే, పసుపుకార్డు చూపవచ్చునని చెప్పి చూశాము. వినలేదు.