మల్లంపాటి కొలమానము - నిద్రాశ్వాసరోగము

గురకపెట్టువాడు హాయిగా నిద్రించుచున్నాడని లోకుల తలంపు. కాని కొందరికి నిద్రపట్టినంతనే గొంతు కండరములు సడలి, నాలుకమొదలు వెనుకకు జారి, శ్వాసమార్గము మూసికొనును. ఊపిరి పది సెకండ్లో, అంతకుమించియో ఆగి, రోగి ఉలికిపడి మరల పీల్చుకొనును. రాత్రియంతయు నిదే వరుస. పగలు కునికిపాట్లు తప్పవు. చంద్రపురము, బల్లార్‌పూర్ ప్రాంతముల బొగ్గుగనులలో యంత్రము నడుపు తెలుగుకార్మికునకు ఆ కునుకు ప్రాణాంతకము కావచ్చును. దీనినే స్లీప్ ఆప్నియా అందురు. అడ్డు ఎచ్చట కలుగుచున్నదో కనుగొనుటయే ఇందలి చిక్కు. ఆ అన్వేషణచరిత్రలో ఒక తెలుగువాని యింటిపేరు నిలిచియున్నది.

గుంటూరు వైద్యకళాశాలలో చదివి అమెరికాకేగిన మల్లంపాటి శేషగిరిరావు బోస్టన్ నగరమున మత్తువైద్యుడు. ఆయన వెదకినది నిద్రారోగలక్షణము కాదు. మత్తిచ్చిన పిమ్మట శ్వాసనాళములోనికి గొట్టమును చొప్పించుట ఎవరికి కష్టమగునో ముందుగా తెలుపు గుర్తు. నాలుకమొదలు పెద్దదైనచో గొంతును మరుగుపరచునని 1983లో సూచించి, 1985లో సహచరులతోగూడి 210 మందిని పరీక్షించిన ఫలితములను కెనడా మత్తువైద్యుల పత్రికలో ప్రకటించెను. పద్ధతి మిక్కిలి సులభము. రోగి కూర్చుండి, నోరు పూర్తిగా తెరచి, నాలుక చాపవలెను. కొండనాలుక, మెత్తని అంగిలి, గొంతు ప్రక్కల మడతలు అన్నియు కనబడిన మొదటి తరగతి. కొండనాలుక మరుగుపడిన రెండవది. మెత్తని అంగిలి మాత్రమే కనబడిన మూడవది. గట్టి అంగిలి మాత్రమే కనబడు నాల్గవ తరగతిని 1987లో శాంసూన్, యంగ్ అనువారు చేర్చిరి. నేడు ఏ దేశపు మత్తువైద్యుడైనను ఈ తెలుగు ఇంటిపేరును, ఉచ్చారణ ఎట్లున్నను, పలుకకతప్పదు.

నిద్రారోగమునకు దీని నన్వయించుట తరువాతి ముచ్చట. 1981లో ఫుజితా మున్నగువారు కొండనాలుకను, అంగిలి అంచును కత్తిరించు శస్త్రచికిత్సను వర్ణించిరి. అది అందరికిని ఫలింపలేదు. ఫ్రీడ్‌మన్ మల్లంపాటి పద్ధతిని నాలుక చాపకుండ చూచునట్లు మార్చి, టాన్సిళ్ల పరిమాణమును, స్థూలకాయమును జతపరచి, 134 మందిని వర్గీకరించి 2002లో ఫలితము ప్రకటించెను. మొదటి వర్గమున నూటికి 80 మందికి గుణమీయగా, మూడవ వర్గమున 8 మందికే ఇచ్చెను. అడ్డు నాలుకమొదట నుండగా అంగిలిని కోసిన నేమి లాభము? మన సామెతలోని కొండనాలుక మందువంటిదే గదా!

అయినను ఈ గుర్తునే రోగనిర్ణయమనుట అతిశయోక్తి. మేలుకొని కూర్చున్నవాని నోటిని చూచి, నిద్రించువాని గొంతును ఊహించుటయే ఇది. ఊపిరి ఎన్నిమారులు ఆగెనో రాత్రి నిద్రాపరీక్షయే తెలుపవలెను. పలువురిలో అడ్డు రెండు మూడు తావులందు కలుగును. దానిని కన్నులార చూచుటకై రోగిని మందుతో నిద్రపుచ్చి, ముక్కుగుండ సన్నని దుర్భిణిని పంపు పద్ధతిని 1991లో క్రాఫ్ట్, ప్రింగిల్ అనువారు వెల్లడించిరి.